చమురు దొరల ఊరు, షొల్లార్ నీళ్ళు: బాకు గురించి కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? సరే.

చమురు డబ్బుతో ఊళ్ళు ఎలా పెరుగుతాయో చెప్పమని నన్ను పిలిచారు. హ్యూస్టన్ గురించి చెబుతానని చాలామంది అనుకుని ఉంటారు, మన పిల్లలు అక్కడే ఎక్కువ కదా. నేను బాకు గురించి చెబుతాను. అజర్‌బైజాన్ రాజధాని, కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉంటుంది. డ్రిల్లింగ్ పని మీద అక్కడ రెండేళ్ళు ఉన్నాను. పాత ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో అద్దెకు దిగాను. వెళ్ళిన రోజే ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టి, "షొల్లార్, షొల్లార్" అంటూ తాగమని సైగ చేసింది. అదేదో సీసా నీళ్ళ కంపెనీ పేరేమో అనుకున్నాను. ఆ మాటకు అర్థం తెలియడానికి నాకు చాలా నెలలు పట్టింది, తెలిశాక ఆ ఊరిని చూసే తీరే మారిపోయింది. ఈ రోజు చెప్పేదంతా ఆ గ్లాసు నీళ్ళ దగ్గరికే వస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

ముందు ఆ నేల సంగతి. బాకు ఉన్నది అబ్షెరాన్ అనే ద్వీపకల్పం మీద. నదీ లేదు, మంచి మట్టీ లేదు, బావి తవ్వితే ఉప్పునీళ్ళు. ఉత్తరం నుంచి ఖజ్రీ అనే గాలి వీస్తే మనిషి నిలబడలేడు. ఇన్ని లేని చోట ఒకటి మాత్రం అడక్కుండానే పైకి వస్తుంది, చమురు. కొన్నిచోట్ల నేలలోంచి గ్యాసు ఊరి దానంతటదే మండుతుంటుంది. సురాఖానీ అనే ఊళ్ళో అలాంటి మంట చుట్టూ కట్టిన ఆలయం ఉంది, ఆతష్‌గా అంటారు. అక్కడి గోడ మీద ఒక రాతిపలక చూసి నాకు ఒళ్ళు పులకరించింది. నాగరి లిపిలో "శ్రీ గణేశాయ నమః" అని మొదలవుతుంది, కింద విక్రమ సంవత్సరం 1802 అని ఉంది, అంటే 1745. వ్యాపారం కోసం అంత దూరం వెళ్ళిన మన దేశపు వర్తకులు, సాధువులు అక్కడ జ్వాలాదేవిని కొలిచారు. 1850ల చివర్లో సరిగ్గా ఆ గుడి పక్కనే కోకొరేవ్ అనే రష్యన్ వ్యాపారి కిరసనాయిలు ఫ్యాక్టరీ పెట్టాడు. తర్వాత పాతికేళ్ళు తిరక్కముందే గుడిలో పూజారులు లేకుండా పోయారు. నేను వెళ్ళేటప్పటికి అక్కడ సహజమైన మంట ఆరిపోయి, పైపులో గ్యాసు తెచ్చి వెలిగిస్తున్నారు. చుట్టుపక్కల అంత చమురు, గ్యాసు తోడేశారు మరి.

డబ్బు కథ మొదలైంది 1872లో. అప్పట్లో బాకు రష్యా సామ్రాజ్యంలో ఉండేది, అప్పటిదాకా అక్కడి జారు ప్రభుత్వం చమురు నేలలన్నీ ఒకే కాంట్రాక్టరుకు గుత్తకు ఇచ్చేది. నాలుగేళ్ళకే గుత్త మారిపోతుంటే ఎవడు పెట్టుబడి పెడతాడు? చేత్తో గొయ్యి తవ్వడం, మనిషిని తాడు కట్టి దింపడం, తోలు సంచుల్లో చమురు పైకి లాగడం, గ్యాసుకు లోపలివాడు స్పృహ తప్పితే తాడుతోనే లాగేయడం, ఇదీ పని. నిజానికి 1846లోనే బాకు పక్కనున్న బీబీ హేబత్ దగ్గర యంత్రంతో బావి తవ్వి చూశారు, అమెరికావాళ్ళ కంటే పదమూడేళ్ళ ముందు. కానీ ఆ గుత్త పద్ధతిలో అది ముందుకు సాగలేదు. 1872 చివర్లో గుత్త రద్దు చేసి నేలను ముక్కలు చేసి వేలం వేశారు. అంతే. 1860లలో బాకు జనాభా పద్నాలుగు వేలకు అటూ ఇటూ. 1897 లెక్కల్లో లక్షా పన్నెండు వేలు. 1913కల్లా రెండు లక్షలు దాటింది. 1900 ప్రాంతంలో ప్రపంచం మొత్తం మీద తీసే చమురులో దాదాపు సగం ఈ ఒక్క ఊరి చుట్టూనే వచ్చేది.

ఆ వేలం పాటల తర్వాత ఏడాదే రాబర్ట్ నోబెల్ వచ్చాడు. డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు అన్న ఇతను. వచ్చింది తుపాకీ మడమలకు వాల్‌నట్ కర్ర కొనడానికి, చేతిలో తమ్ముడు లూద్విగ్ ఇచ్చిన 25 వేల రూబుళ్ళు. కర్ర కొనలేదు, చిన్న రిఫైనరీ కొన్నాడు. తర్వాత లూద్విగ్ దిగి 1878లో బావుల దగ్గర నుంచి రిఫైనరీ దాకా పైపులైను వేశాడు, అదే ఏడాది జొరాస్టర్ అనే చమురు ఓడను నీళ్ళలోకి దింపాడు. పీపాలు లేకుండా ఓడ పొట్టలోనే చమురు పోసి తీసుకెళ్ళడం అప్పటికి కొత్త. పైపు పడగానే బళ్ళు తోలేవాళ్ళకు, పీపాలు చేసేవాళ్ళకు కడుపు మండింది, రాత్రిళ్ళు పైపులు పగలగొట్టేవారు, చివరికి కంపెనీ దారి పొడుగునా కాపలా బురుజులు కట్టించుకోవాల్సి వచ్చింది. వాళ్ళను తప్పు పట్టలేం, ఒక్క పైపుతో వేలమంది కూడు పోయింది.

నోబెల్ వాళ్ళు తమ ఉద్యోగుల కోసం విల్లా పెట్రోలియా అని ఒక తోట కాలనీ వేశారు. అక్కడ మట్టి లేదన్నాను కదా, లెంకొరాన్ నుంచి ఓడల్లో మట్టి తెప్పించారు. నీళ్ళు లేవు, అందుకని వోల్గా వైపు కిరసనాయిలు తీసుకెళ్ళిన ఓడలు ఖాళీగా తిరిగి రాకుండా వోల్గా నీళ్ళు నింపుకొని వచ్చేవి. ఆ నీళ్ళతో చెట్లు పెంచారు. బడి, లైబ్రరీ, బిలియర్డ్స్ గది, అన్నీ ఉండేవి. ఆ రోజుల్లో కార్మికుల గురించి ఇంత ఆలోచించిన యజమానులు తక్కువ, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ గమనించండి, గోడకు ఈవల చెట్లకు వోల్గా నీళ్ళు, గోడకు ఆవల ఊరి జనానికి ఉప్పునీళ్ళు. నోబెల్ బహుమతికి ఆల్ఫ్రెడ్ వదిలిన ఆస్తిలో ఈ బాకు కంపెనీ వాటాలు కూడా ఉన్నాయి, అది చాలామందికి తెలియదు.

ఇక యూరప్‌లో పెద్ద బ్యాంకర్లైన రాత్స్‌చైల్డ్ కుటుంబం డబ్బు పెట్టగా 1883లో బాకు నుంచి నల్ల సముద్రం మీది బటూమికి రైలు పూర్తయింది. 1892లో లండన్ వ్యాపారి మార్కస్ శామ్యూల్, తర్వాత షెల్ కంపెనీ పెట్టింది ఇతనే, మ్యూరెక్స్ అనే ట్యాంకరులో బటూమి కిరసనాయిలు నింపి సూయజ్ కాలువ మీదుగా ఆసియాకు పంపాడు. అలా ఆసియా రేవులకు, మన దేశపు రేవులకు కూడా బాకు కిరసనాయిలు చేరింది. కోస్తాలో కిరసనాయిలు అంటాం, తెలంగాణలో గ్యాసునూనె అంటారు. మన ముత్తాతల బుడ్డిదీపాల్లో కొంతైనా ఆ ఊరి నూనె వెలిగింది. నాకైతే ఆ ఊరు పరాయిది కాకుండా పోవడానికి అదొక కారణం.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. హాజీ జైనలాబిదీన్ తాగియేవ్. చెప్పులు కుట్టేవాడి కొడుకు, పదేళ్ళ వయసు నుంచీ తాపీ పని. బడి మొహం చూడలేదు. మేస్త్రి అయ్యి, కాంట్రాక్టులు చేసి, చిన్న కిరసనాయిలు ఫ్యాక్టరీ పెట్టి, ఇద్దరు భాగస్వాములతో కలిసి బీబీ హేబత్‌లో నేల కొన్నాడు. తవ్వారు, తవ్వారు, ఏమీ పడలేదు. భాగస్వాములు విసిగిపోయి వాళ్ళ వాటా ఆయనకే అమ్మేసి పోయారు. ఆయన ఆపలేదు. 1886 సెప్టెంబరులో బావి పొంగింది. రెండు వందల అడుగులు దాటి ఎగిసిందట, గాలికి ఆ తుంపర మైళ్ళ దూరంలో ఉన్న ఊరి ఇళ్ళ మీద పడిందట. మన కోనసీమ వాళ్ళకు నేను వివరించి చెప్పక్కర్లేదు. 1995లో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండినప్పుడు రాత్రిపూట ఆకాశం ఎలా ఉండేదో ఇక్కడ కొందరికి ఇంకా గుర్తుంటుంది. తాగియేవ్ బావి దగ్గర మంట లేదు, చమురే వర్షం. పట్టడానికి తొట్లు లేక ఎంతో చమురు సముద్రంలోకి పోయింది. మిగిలిన దానితోనే ఆయన కోటీశ్వరుడయ్యాడు.

అలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. మూసా నాగియేవ్ కుర్రతనంలో మూటలు మోశాడు. అక్కడ ఆ పనివాణ్ణి హంబాల్ అంటారు, మన హమాలీ అనే మాటే, రెండూ అరబ్బీ నుంచి వచ్చినవే. ముర్తజా ముఖ్తారోవ్ బావుల దగ్గర కూలీగా చేరి, యంత్రాలు తనంతట తానే నేర్చుకుని, డ్రిల్లింగ్ పరికరానికి 1895లో పేటెంటు తీసుకున్నాడు. మా వృత్తి కాబట్టి ఆయనంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం, దాచుకోను. సయ్యద్ మీర్‌బాబాయేవ్ పెళ్ళిళ్ళలో పాటలు పాడేవాడు. ఎవరో ఆసామి పాటకు మెచ్చి నేల ముక్క ఇస్తే అందులో చమురు పడింది. ధనవంతుడయ్యాక పాడటం మానేసి, తన పాత రికార్డులు వెతికి వెతికి కొని పగలగొట్టించాడని చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడు నాకు బాధ వేసింది. ఆ గొంతు చమురు కంటే అరుదైనది కదా.

వీళ్ళంతా ఇళ్ళు కట్టడం మొదలుపెట్టారు. కోట గోడ బయట, ఒకరిని చూసి ఒకరు. వీళ్ళకు దొరికిన అదృష్టం పోలండ్ నుంచి వచ్చిన ఇంజినీర్లు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదువుకుని, బాకులో పని దొరుకుతుందని వచ్చిన కుర్రాళ్ళు. యూజెఫ్ గొస్వావ్‌స్కీ నగర సభ భవనం కట్టాడు, తాగియేవ్ ఇల్లు కట్టాడు, నలభై నిండకుండానే 1904లో క్షయతో పోయాడు. యూజెఫ్ ప్వోష్కో ముఖ్తారోవ్ భవనం కట్టాడు. యూరప్ తిరిగినప్పుడు తన భార్యకు నచ్చిన భవనం లాంటిదే ముఖ్తారోవ్ కట్టించి ఆమెకు కానుకగా ఇచ్చాడని చెబుతారు. నాగియేవ్ పిసినారి అని ఊరంతా పేరు, కానీ ఒక్కగానొక్క కొడుకు ఇస్మాయిల్ క్షయతో చనిపోయాక ఆ పేరు మీద ఇస్మాయిలియా అనే భవనాన్ని 1908 నుంచి 1913 దాకా ప్వోష్కో చేత వెనిస్ శైలిలో కట్టించి ముస్లిం ధర్మసంస్థకు ఇచ్చేశాడు. ఇప్పుడు సైన్స్ అకాడమీ ఉంది అందులో. ఆ దారిలో నడుస్తుంటే ఒక తండ్రి దుఃఖం, ఒక భర్త ప్రేమ, ఇద్దరు షావుకార్ల పంతం, ఇవన్నీ రాతి ముక్కలై వరసగా నిలబడి ఉన్నట్టే ఉంటుంది. రాళ్ళన్నీ అక్కడి సున్నపురాయే, చెక్కిందీ అబ్షెరాన్ పల్లెల మేస్త్రులే. వాళ్ళ పేర్లు ఏ గోడ మీదా లేవు.

ఊరికి తూర్పున మరో ఊరు ఉండేది, నల్ల ఊరు అని పేరు. రిఫైనరీలు ఊళ్ళో ఉండకూడదని 1870లలో అటు పంపేశారు. మసితో గోడలు నల్లగా, నేలంతా చమురు బురద, కార్మికుల గదుల్లో కూడా ఆ బురదే. ఎక్కువమంది ఇరాన్ వైపు నుంచి వచ్చిన బీదవాళ్ళు, హమ్‌షహరీలు అనేవారు, మా షహరువాడు అని అర్థం. పేరు ఆత్మీయంగానే ఉంది, బావి దగ్గర అందరి కంటే తక్కువ కూలి మాత్రం వాళ్ళకే. ఇంకా రష్యన్లు, అర్మేనియన్లు, దాగెస్తాన్ వాళ్ళు, అందరూ పక్కపక్కనే. 1904 డిసెంబరులో వీళ్ళంతా కలిసి సమ్మె చేసి యజమానులతో రాతపూర్వక ఒప్పందం చేయించారు, రష్యా సామ్రాజ్యంలో అలాంటిది అదే మొదటిది, రోజుకు తొమ్మిది గంటల పని అందులో ఉంది. దానికి మాజూత్ రాజ్యాంగం అని పేరు పెట్టారు. మాజూత్ అంటే కిరసనాయిలు తీయగా మిగిలే మడ్డి నూనె. నాకు ఆ పేరు చాలా గొప్పగా అనిపిస్తుంది. కానీ రెండు నెలలకే, 1905 ఫిబ్రవరిలో, అదే వీధుల్లో అజర్‌బైజానీలు అర్మేనియన్ల మధ్య కొట్లాటలు, చంపుకోవడాలు. ఆగస్టులో మళ్ళీ. ఈసారి బావులే తగలబడ్డాయి, సగానికి పైగా పోయాయి. బాకు ఉత్పత్తి ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. దొరలు ఊరికి అందమైన వీధులిచ్చారు, కానీ కలిసి బతికేలా ఊరిని కట్టలేదు. ఎవరి జాతి వాళ్ళకు వాళ్ళ ధర్మసంస్థ, వాళ్ళ బడి, వాళ్ళ ఆసుపత్రి.

ఇంత చెప్పాక తాగియేవ్‌కు ఒక దండం పెట్టాలి. ముస్లిం ఆడపిల్లలకు బడి కావాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. పైన రష్యన్ అధికారులు అడ్డం, కింద సొంత మతపెద్దలు అడ్డం. రష్యా మహారాణి అలెగ్జాండ్రా పేరు పెడతానని చెప్పి అనుమతి సాధించాడు, 1901లో బడి తెరిచాడు. రష్యా సామ్రాజ్యంలో ముస్లిం ఆడపిల్లల కోసం అలాంటి లౌకిక బడి అదే మొదటిది. మొదటి ప్రధానోపాధ్యాయురాలు హనీఫా మాలికోవా. తాను చదువుకోలేదు కదా, చదువు విలువ ఆ మనిషికే తెలిసింది. 1883లోనే థియేటర్ కట్టించాడు. 1908 జనవరిలో ఉజెయిర్ హాజీబేయోవ్ "లేలీ మజ్నూ" ఒపేరా, ముస్లిం ప్రపంచంలోనే మొదటి ఒపేరా అంటారు, ఆ థియేటర్లోనే ఆడింది. డబ్బున్నవాడు ఒక మాట మీద నిలబడితే ఎంత పని జరుగుతుందో ఇక్కడ చూడొచ్చు. అలాంటి మనిషి దొరకడం మీదే ఊరంతా ఆధారపడి ఉండటం నాకు భయంగా కూడా ఉంటుంది. దొరక్కపోతే?

సరే, నీళ్ళు. ఇంతసేపు నేను చెప్పిన వైభవమంతా జరుగుతున్నప్పుడు ఈ ఊళ్ళో జనం ఉప్పునీటి బావుల మీదా, పీపాల్లో అమ్మే నీళ్ళ మీదా బతికారు. 1892లో కలరా వచ్చింది. సముద్రపు నీళ్ళను మరిగించి ఉప్పు తీసే యంత్రం పెట్టారు, ఊరికి అది ఏ మూలకూ చాలలేదు. మంచి నీళ్ళున్నది ఉత్తరాన కాకసస్ కొండల వైపు, షొల్లార్ అనే చోట ఊటల్లో. సుమారు 180 కిలోమీటర్లు. నగర సభలో ఏళ్ళ కొద్దీ చర్చే, డబ్బు లేదు అన్నమాటే. ప్రపంచంలో సగం చమురు తీసే ఊరికి తాగునీటికి డబ్బు లేదట! తాగియేవ్ పట్టుబట్టాడు, సొంత డబ్బు కూడా వేశాడు, యూరప్‌లో ఎన్నో ఊళ్ళకు నీళ్ళు తెచ్చిన ఇంగ్లీషు ఇంజినీరు విలియం లిండ్లీని రప్పించారు. కొండల నుంచి నీళ్ళు వాటంతటవే దిగేలా కాలువ కట్టుకుంటూ వచ్చారు. 1917 మొదట్లో బాకులో షొల్లార్ నీళ్ళు కుళాయిలో పడ్డాయి. లెక్క వేయండి. వేలం 1872, నీళ్ళు 1917. నలభై అయిదేళ్ళు. ఆ మధ్యలో ఎన్ని భవనాలు లేచాయి, ఎంతమంది పిల్లలు విరేచనాలతో పోయారు! నేను ఎవరినీ నిందించడానికి ఇక్కడికి రాలేదు, కానీ ఈ ఒక్క విషయంలో ఆ దొరల మీద నాకు కోపం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఒపేరా హాలు కొన్ని నెలల్లో లేపగలిగినవాళ్ళు నీళ్ళు కూడా తేగలిగేవారే.

నీళ్ళు వచ్చిన మూడేళ్ళకు వాళ్ళే లేకుండా పోయారు. 1918లో ఊళ్ళో మారణకాండలు, ఇస్మాయిలియా తగలబడింది. 1920 ఏప్రిల్ 28న ఎర్ర సైన్యం వచ్చింది, మే కల్లా చమురంతా ప్రభుత్వపరం. ముఖ్తారోవ్ ఇంట్లోకి సైనికులు వస్తే కాల్చి, తానూ కాల్చుకుని చనిపోయాడు. ఇప్పుడు ఆ ఇంట్లోనే పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేస్తారు, శనివారం వెళ్తే మెట్ల మీద కొత్త జంటలు ఫొటోలు దిగుతుంటారు. తాగియేవ్ దగ్గర అంతా లాక్కున్నారు, మర్దకాన్ అనే పల్లెలో ఉన్న వేసవి ఇల్లు మాత్రం వదిలారు. వదిలిపెట్టింది కొత్త ప్రభుత్వానికి పెద్ద అయిన నరీమాన్ నరీమానోవ్ అని చెబుతారు. ఆయన ఒడెస్సాలో డాక్టరీ చదివింది తాగియేవ్ ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే. 1924లో తాగియేవ్ ఆ ఇంట్లోనే పోయాడు. తర్వాత భార్య సోనాను అక్కడి నుంచి కూడా వెళ్ళగొట్టారు, ఆమె 1938లో దిక్కులేకుండా చనిపోయింది.

ఏమైనా అడగాలంటే అడగండి.

[ప్రేక్షకుల నుంచి: ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా సార్? అంత పన్ను వచ్చి ఉంటుంది కదా?]

మంచి ప్రశ్న. పన్ను బాగా వచ్చేది, కానీ పోయేది పీటర్స్‌బర్గ్ ఖజానాకు. ఊరికి నగర సభ ఉండేది, అయితే ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు, క్రైస్తవులు కానివాళ్ళకు సీట్ల మీద పరిమితి. అంటే నల్ల ఊళ్ళో మసి పీల్చేవాడికి ఏ మాటా లేదు. నీళ్ళు కావాల్సింది ఎవరికో వాళ్ళు సభలో లేరు. సభలో ఉన్నవాళ్ళు నీళ్ళు కొనుక్కోగలరు. అందుకే అన్నేళ్ళు పట్టిందని నేననుకుంటాను.

[మరొకరు: ఆ షొల్లార్ నీళ్ళు ఇప్పటికీ వస్తున్నాయా?]

వస్తున్నాయి. ఊరు ఇరవై లక్షలు దాటింది కాబట్టి అవొక్కటే చాలవు, కురా నది నుంచీ, జైరన్‌బతాన్ రిజర్వాయర్ నుంచీ కూడా ఇస్తారు. కొన్ని పాత పేటల్లో మాత్రం షొల్లార్ పైపే. మా ఇల్లుగలావిడ పొద్దున్నే లేచి కుళాయి కింద సీసాలు పట్టుకుని వంటగదిలో వరసగా పెట్టేది. టీకి ఆ నీళ్ళే కాచేది. నేను ఊరికి వచ్చేసే రోజు దారిలో తాగమని ఒక సీసా సంచిలో పెట్టింది.